వేలిముద్ర

కాశీబుగ్గ నుంచి ఆటోలో ఎనిమిది మందిమి.
నా ఒళ్లో కొడుకు, వాడి ఒళ్లో కొవ్వొత్తుల పొట్లం.
మొక్కు నా భార్యది.
వీడికి జ్వరం తలకెక్కిన రాత్రి
ఏ దేవుణ్ణి పిలిచిందో తనకే సరిగ్గా గుర్తులేదు,
నీలం ముసుగొకటి గుర్తుందట.
అందుకని ఈ కొంగసాగరం.

ఫిబ్రవరి ఆఖరి ఆదివారం.
దారి పొడుగునా జీడితోటలు పూత మీదున్నాయి.
ఆ వాసన తీపో వగరో
ఇక్కడ పుట్టి కూడా ఇన్నేళ్లుగా తేల్చుకోలేకపోయాను.

మలుపు తిరగ్గానే నీళ్లు.
గట్టు మీద తాటాకు పందిళ్లు, మందస కోవా, జపమాలలు,
ఈలలూదే రబ్బరు బాతులు.
కొండ దిగి రాత్రంతా నడిచొచ్చిన సవరలు
డప్పులు పక్కన పెట్టి మోకాళ్ల మీదున్నారు.
నీటి అంచున రాతిగూడు, గూట్లో మరియమ్మ.
ఎవరో ఆమె పాదాలకు పసుపు రాశారు.
ఫాదరుగారు అటు చూడటం మానేశారు.

చెప్పులెక్కడ విప్పాలా అని వెతుకుతుంటే
వెనక నుంచి,
"డిపో బావువి కాదేటి నువ్వు?"

బిరిజితమ్మ.
పోయిన నెల మూడుసార్లు, అంతకు ముందు నెల ఐదుసార్లు
ఖాళీ సంచితో నేను వెనక్కి పంపిన మనిషి.

ముప్పై ఏళ్లుగా జీడిపిక్కలు కొట్టిన చేతులు.
ఆ నూనె ముందు తోలు తింటుంది, తర్వాత గీతలు తింటుంది.
మిషను మీద బొటనవేలు పెడితే
ఎర్రలైటు వెలిగి, లోపలి ఆడగొంతు
ఎంతో మర్యాదగా అంటుంది:
దయచేసి మళ్లీ ప్రయత్నించండి.
నేను ఆపాటి మర్యాద కూడా చెయ్యలేదు.
"పక్కకు జరుగమ్మా" అన్నాను,
లైను పెద్దదని.

ఇక్కడి లైన్లో ఆమె ముందు, నేను వెనక.
"గుంటడున్నాడు గదా, ముందుకెల్లండి"
అని తనే పక్కకు జరిగింది.

సాగరం మీద గాలి లేచింది.
ఆమె కొవ్వొత్తి ఒక పక్కకే కరిగి
మైనం వేళ్ల మీదుగా మణికట్టు దాకా కారింది.
చెయ్యి కదల్లేదు.
"కాలట్లేదా?" అన్నాను.
"కాలడానికి అక్కడేటుంది బావూ."

రాతి మీద చల్లారీ చల్లారని మైనపు ముద్ద.
దాని మీద బొటనవేలు అదిమింది.
"ఇదిగో సూడు, దీనికి పడింది.
ఆయమ్మకిది సాలు. నీ మిసనుకే సాలదు."
నవ్వింది.
వంగి చూశాను.
పప్పుబద్ద పెట్టి తీసినంత గుంట,
నున్నగా, ఒక్క గీతైనా లేకుండా.
ఏం మొక్కుకున్నావని అడగబోయి ఊరుకున్నాను.
అడిగితే చెబుతుందేమోనని.
మా వాడు తన వేలూ అందులో పెట్టాడు,
వాడిది తీద్దామని నేనూ పెట్టాను.

తిరిగొచ్చేసరికి పది దాటింది.
ఆటోలో అందరి దగ్గరా పొగ వాసన.
నీళ్ల మీద దీపాలెన్నని కొడుకు అడిగితే
రేపు ఒకటో తారీకని గుర్తొచ్చింది నాకు.

పొద్దున్నే డిపో తెరిచి ముందు నా వేలే పెట్టాలి,
అప్పుడే మిషను లేస్తుంది.
పడలేదు.
దయచేసి మళ్లీ ప్రయత్నించండి.
ఇన్నేళ్లలో ఆ మాట నన్నన్నది అదే మొదలు.
గోటి సందులో, వేలి మడతలో తెల్లగా మైనం.
పుల్లతో గీకాను, లుంగీకి తుడిచాను.
మూడోసారికి పడింది.
నాది కనక పడింది.

బయట లైను.
ఐదో మనిషి బిరిజితమ్మ, సంచి నాలుగు మడతలు పెట్టి చంకలో.
నిన్నటి సంగతి ఇద్దరం ఎత్తలేదు.
చొక్కా అంచుతో అద్దం తుడిచి
"పెట్టమ్మా" అన్నాను.
వెనక ఎవరో దగ్గారు, ఎవరో గొణిగారు.

పెట్టింది.
ఆ చిన్న లైటు ఏ రంగులో వెలుగుతుందోనని
ఇద్దరం వంగి చూస్తున్నాం.